పార్ట్‌నర్‌షిప్ పన్ను ఆడిట్‌లో అందరి తరఫునా సంతకం ఎవరిది? ప్రతినిధి ఎంపిక, అధికార పరిధి, ఒప్పందంలో రాసుకోవలసిన హక్కులు

అమెరికాలో ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది కలిసి ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత సంస్థ) పెట్టుకుని, కార్పొరేషన్‌గా పన్ను కడతామని విడిగా ఎన్నుకోకపోతే, ఫెడరల్ పన్ను చట్టం దృష్టిలో అది పార్ట్‌నర్‌షిప్పే అవుతుంది. ఏటా ఫారం 1065 దాఖలు చేయాలి, ప్రతి భాగస్వామికీ వారి వంతు ఆదాయం, ఖర్చులు చూపే షెడ్యూల్ కె-1 ఇవ్వాలి. ఆ ఫారంలోనే పార్ట్‌నర్‌షిప్ రిప్రజెంటేటివ్ (సంస్థ ప్రతినిధి) ఎవరో పేరు, చిరునామా, ఫోన్ నంబరుతో రాయవలసిన చోటు ఒకటి ఉంటుంది. చాలా సంస్థల్లో ఆ చోట నిరుటి రిటర్నులో ఉన్న పేరే మళ్ళీ వచ్చి కూర్చుంటుంది, ఎవరూ ఆగి ఆలోచించరు. కానీ ఆ సంవత్సరం రిటర్నుపై ఐఆర్‌ఎస్ (అమెరికా ఫెడరల్ పన్ను శాఖ) ఆడిట్ మొదలైతే సంస్థ తరఫున మాట్లాడే, ఒప్పుకునే, రాజీపడే, కోర్టుకు వెళ్ళే అధికారం ఆ ఒక్కరికే ఉంటుంది. ఆయన పెట్టిన సంతకానికి సంస్థతోపాటు భాగస్వాములందరూ, ఆ సంవత్సరంలో ఉండి తర్వాత వెళ్ళిపోయినవారితో సహా, కట్టుబడి ఉండవలసిందే.

ఎప్పుడూ ఇలాగే లేదు. 1982లో వచ్చిన పాత విధానంలో ట్యాక్స్ మ్యాటర్స్ పార్ట్‌నర్ అని ఒకరు ఉండేవారు. ఆయన కచ్చితంగా భాగస్వామి అయి ఉండాలి, మిగతా భాగస్వాములకు నోటీసులు అందే హక్కూ విచారణలో పాల్గొనే హక్కూ ఉండేవి. 2015 నవంబరు 2న సంతకమైన బైపార్టిసన్ బడ్జెట్ చట్టం ఆ పద్ధతిని రద్దు చేసింది. 2017 డిసెంబరు 31 తర్వాత మొదలైన పన్ను సంవత్సరాలకు కొత్త విధానం వర్తిస్తుంది. ఇందులో ప్రతినిధి భాగస్వామి కానక్కరలేదు. ఐఆర్‌ఎస్ నోటీసులు సంస్థకూ ప్రతినిధికీ మాత్రమే వెళతాయి, మిగతావారికి పంపవలసిన బాధ్యత ఐఆర్‌ఎస్‌కు లేదు. భాగస్వాముల హక్కులన్నీ ఇప్పుడు వారు తమలో తాము రాసుకున్న ఒప్పందం నుంచే రావాలి. మీ ఒప్పందంలో ఇంకా ట్యాక్స్ మ్యాటర్స్ పార్ట్‌నర్ అనే మాటే ఉందంటే, ఈ హక్కుల గురించి అందులో ఏమీ రాసి ఉండకపోవచ్చని అనుమానించవలసిందే.

అసలు ప్రతినిధి అవసరం లేకుండా తప్పించుకోవచ్చా?

కొన్ని సంస్థలకు ఈ విధానం నుంచే బయటకు వచ్చే వీలుంది. ఆ సంవత్సరానికి ఇవ్వవలసిన కె-1ల సంఖ్య 100 లేదా అంతకు తక్కువ ఉండాలి. భాగస్వాములందరూ వ్యక్తులో, సీ కార్పొరేషన్లో (తమ లాభంపై తామే పన్ను కట్టేవి), ఎస్ కార్పొరేషన్లో (లాభంపై పన్ను వాటాదారులు కట్టేవి), అమెరికాలో ఉంటే సీ కార్పొరేషన్‌గా లెక్కకు వచ్చే విదేశీ సంస్థలో, మరణించిన భాగస్వామి ఎస్టేటో అయి ఉండాలి. ఎస్ కార్పొరేషన్ భాగస్వామిగా ఉంటే దాని వాటాదారులకు వెళ్ళే కె-1లు కూడా ఆ 100లోకి వస్తాయి. ఈ ఎంపికను ఏటికేడు, గడువులోగా దాఖలు చేసిన రిటర్నుతోపాటు షెడ్యూల్ బి-2లో తెలపాలి. తెలిపిన 30 రోజుల్లో భాగస్వాములకు చెప్పాలి. అప్పుడు ఐఆర్‌ఎస్ ఒక్కొక్క భాగస్వామిని విడివిడిగానే పరిశీలించవలసి ఉంటుంది, ఎవరి వాదన వారు వినిపించుకోవచ్చు.

అన్నదమ్ములో స్నేహితులో నలుగురైదుగురు తమ సొంత పేర్ల మీద వాటాలు పెట్టుకున్న సంస్థకు ఇదే మొదటి ఎంపిక కావాలని నా అభిప్రాయం. అయితే ఇది ఎంత తేలికగా చెడిపోతుందో తెలిసి ఉండాలి. ఒక భాగస్వామి వీలునామా ఏర్పాట్లలో భాగంగా తన వాటాను లివింగ్ ట్రస్టులోకి మార్చినా, బాధ్యత పరిమితి కోసం ఒంటరి సభ్యుడి ఎల్‌ఎల్‌సీ పేరుకు మార్చినా, మరో పార్ట్‌నర్‌షిప్‌కు అమ్మినా ఆ సంవత్సరం అర్హత పోతుంది. ఆ మార్పు చేసిన మనిషికి ఈ సంగతి తట్టను కూడా తట్టదు. అందువల్ల ఈ దారి ఎంచుకునేవారు ఒప్పందంలో రెండు మాటలు తప్పక రాసుకోవాలి. మొదటిది, అర్హతను పోగొట్టే బదిలీ ఏదీ మిగతావారి లిఖిత అనుమతి లేకుండా చెల్లదని. రెండవది, ఎంపిక ఏ కారణంచేత చెల్లకపోయినా ప్రతినిధి ఎవరు అవుతారన్నది. ఈ రెండవది వదిలేస్తే, ఎంపిక చెల్లదని తేలిన రోజున ఎవరి పేరూ లేక, ప్రతినిధిని ఐఆర్‌ఎస్సే నియమించే పరిస్థితి రావచ్చు.

ఎవరిని పెట్టాలి

చట్టం అడిగే అర్హతలు తక్కువే. ప్రతినిధికి అమెరికాలో వీధి చిరునామా, అమెరికా ఫోన్ నంబరు, అమెరికా పన్ను గుర్తింపు సంఖ్య ఉండాలి. సహేతుకమైన సమయంలో, స్థలంలో ఐఆర్‌ఎస్ అధికారులను అమెరికాలోనే ముఖాముఖి కలవగలగాలి. ఏడాదిలో ఎక్కువ భాగం విదేశంలో గడిపే భాగస్వామిని పెద్దరికం చూసి నియమిస్తే ఈ చివరి షరతు దగ్గరే చిక్కు వస్తుంది. ప్రతినిధి వ్యక్తి కాక సంస్థ అయితే, ఆ సంస్థ తరఫున వ్యవహరించే ఒక వ్యక్తి పేరు కూడా అప్పుడే రాయాలి, ఆయనకూ ఇవే షరతులు వర్తిస్తాయి.

మేనేజింగ్ మెంబరును, అంటే సంస్థను నడిపే భాగస్వామిని పెట్టుకోవడం అందరూ చేసే పని, దానికి కారణమూ ఉంది. పుస్తకాలు ఆయన చేతిలో ఉంటాయి, ఏ ఖర్చు ఎందుకు పెట్టారో ఆయనకే తెలుసు, సొంత డబ్బు పెట్టాడు కాబట్టి ఆడిట్ ఫలితంపై పట్టింపు ఉంటుంది. చిక్కల్లా ఆయన ప్రయోజనం, మిగతావారి ప్రయోజనం వేరయ్యే సందర్భాల్లో వస్తుంది. వివాదంలో ఉన్నది ఆయనకు ఇచ్చిన మేనేజ్‌మెంట్ ఫీజే అనుకోండి: దాన్ని తగ్గించి చూపిస్తే ఆయనకు లాభం, పెంచి చూపిస్తే మిగతావారికి లాభం. అలాంటి విషయంలో ఒక్కడి సంతకం అందరినీ కట్టిపడేయడం న్యాయం కాదు. అందుకే ఆయనను నియమించినా, తన సొంత లావాదేవీ పరిశీలనలో ఉన్నప్పుడు మరో భాగస్వామి సమ్మతి లేనిదే అడుగు వేయకూడదని రాసుకోవాలి.

రిటర్ను తయారుచేసిన సీపీఏను (లైసెన్సున్న అకౌంటెంటును) పెట్టుకోవడం సులువుగా కనిపిస్తుంది గాని నేను దానిని సమర్థించను. ఆడిట్‌లో తప్పు రిటర్ను తయారీలోనే ఉందని తేలితే ఆయన సంస్థను కాపాడాలా, తనను తాను కాపాడుకోవాలా? లాయరును ప్రతినిధిగా పెడితే ఇంకో చిక్కు ఉంది. ఆయన సలహాదారుగా విన్న మాటకూ, నిర్ణయం తీసుకునే అధికారిగా విన్న మాటకూ మధ్య గీత చెరిగిపోయి, గోప్యత హక్కుపై వివాదం తలెత్తవచ్చు. నిపుణుల నైపుణ్యం కావలసిందే, కానీ దానికి వేరే దారి ఉంది. ప్రతినిధి ఫారం 2848 ద్వారా వారికి పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే ఐఆర్‌ఎస్‌తో వారే మాట్లాడతారు, నిర్ణయాధికారం మాత్రం ప్రతినిధి చేతిలోనే ఉంటుంది.

మేనేజరు నియంత్రణలో ఉన్న ఒక సంస్థను ప్రతినిధిగా పెట్టడం మూడో దారి. ఒక వ్యక్తి ఉద్యోగం మారినా, అనారోగ్యం పాలైనా సంస్థ అలాగే ఉంటుందన్నది దీని బలం. అనేక పెట్టుబడిదారులతో నడిచే రియల్ ఎస్టేటు, హోటలు ప్రాజెక్టులలో ఇది బాగా ఉపయోగపడుతుంది. కాకపోతే ఆ సంస్థకు ఆస్తులేమీ లేకపోతే, అది ఒప్పందాన్ని ఉల్లంఘించినప్పుడు దానిపై గెలిచిన తీర్పు కాగితానికే పరిమితమవుతుంది. అలాంటి సంస్థను ఒప్పుకునేముందు దాని వెనుక ఉన్న మనిషి వ్యక్తిగత పూచీని అడగడంలో మొహమాటపడనక్కరలేదు.

అధికారాన్ని ఎంతవరకు ఇవ్వాలి

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి స్పష్టంగా చెప్పాలి. ఒప్పందంలో మీరు ఎన్ని పరిమితులు రాసుకున్నా అవి ఐఆర్‌ఎస్‌ను కట్టిపడేయవు. రాష్ట్ర చట్టమూ కట్టిపడేయదు. ప్రతినిధి మీ సమ్మతి లేకుండా రాజీపత్రంపై సంతకం పెడితే ఆ రాజీ చెల్లుతుంది. మీకు మిగిలేది ఒప్పందాన్ని ఉల్లంఘించినందుకు ఆయనపై దావా మాత్రమే. కాబట్టి పరిమితులు రాసుకోవడం వృథా అని వాదించేవారున్నారు. నేను దానికి ఒప్పుకోను. దావాకు లొంగుతాడని తెలిసిన మనిషి సంతకం పెట్టేముందు ఫోను చేస్తాడు, ఈమెయిలు పంపుతాడు; పరిమితి లేకపోతే అది కూడా చేయడు. పరిమితి విలువ దాన్ని మీరితే ఏమవుతుందో రాసుకోవడంలో ఉంది.

సాధారణంగా కనిపించే రాతలు మూడు రకాలు. ఒకటి, ప్రతినిధి తన విచక్షణ మేరకు అన్ని నిర్ణయాలూ తీసుకోవచ్చని ఒక్క వాక్యంలో తేల్చేసేది. మేనేజరే నూటికి తొంభై వంతులు పెట్టిన సంస్థకు ఇది సరిపోతుంది. తక్కువ వాటా ఉన్న భాగస్వామి ఇలాంటి వాక్యం చూస్తే సంతకం పెట్టకూడదు. రెండోది, ప్రతినిధి భాగస్వాములను సంప్రదించాలి అనేది. వినడానికి బాగుంటుంది గాని, సంప్రదించాక ఏం చేయాలో చెప్పని వాక్యం కోర్టులో నిలబడదు. మూడోది, నోటీసుల ప్రతులు ఇన్ని రోజుల్లో అందరికీ ఇవ్వాలని, పేరుపెట్టి చెప్పిన కొన్ని నిర్ణయాలకు వాటాల మెజారిటీ సమ్మతి కావాలని రాసేది. ఇద్దరికి మించి భాగస్వాములున్న ఏ సంస్థకైనా నేను సూచించేది ఇదే.

సమ్మతి కోరే నిర్ణయాల జాబితా పెంచుకుంటూ పోకూడదు. రాజీ ఒప్పందం, గడువు పొడిగింపుకు ఒప్పుకునే ఫారం 872-ఎం, పన్నును సంస్థ కట్టాలా, భాగస్వాములకు పంపాలా అన్న నిర్ణయం, కోర్టుకు వెళ్ళడం, ఏ కోర్టుకు వెళ్ళాలన్నది. ఈ ఐదూ చాలు. కోర్టు ఎంపికను ప్రత్యేకంగా చెప్పడానికి కారణం, ట్యాక్స్ కోర్టులో ముందుగా డబ్బు కట్టకుండానే పిటిషన్ వేయవచ్చు గాని, డిస్ట్రిక్ట్ కోర్టులోనో కోర్ట్ ఆఫ్ ఫెడరల్ క్లెయిమ్స్‌లోనో వేయాలంటే ఐఆర్‌ఎస్ లెక్కకట్టిన మొత్తాన్ని ముందే జమ చేయాలి. ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుందన్నది అందరి సమస్య.

గడువులను బట్టి వాక్యం రాయకపోతే సమ్మతి హక్కే సంస్థను ముంచవచ్చు. ఆడిట్ ముగిసి తుది సర్దుబాటు నోటీసు (రిటర్నులో ఐఆర్‌ఎస్ చేసిన మార్పులను తెలిపే పత్రం) వచ్చిన తేదీ నుంచి, పన్నును భాగస్వాములకు బదిలీ చేసే ఎంపికకు 45 రోజులే గడువు, దాన్ని పొడిగించరు. కోర్టులో పిటిషన్ వేయడానికి 90 రోజులు ఉన్నా, పిటిషన్ వేద్దామనుకునేవారు కూడా బదిలీ ఎంపికను ఆ 45 రోజుల్లోనే తెలపాలి. ఈ లెక్కలో సమ్మతి కోసం 30 రోజుల నోటీసు, ఆపై సమావేశం అని రాసుకుంటే పుణ్యకాలం గడిచిపోతుంది. నేనైతే ఇలా రాయిస్తాను: నోటీసు అందిన 5 రోజుల్లో ప్రతులు అందరికీ పంపాలి, ఆపై 15 రోజుల్లో భాగస్వాములు అభిప్రాయం తెలపాలి, తెలపనివారు ఒప్పుకున్నట్టే లెక్క, 35వ రోజు నాటికి మెజారిటీ కుదరకపోతే ప్రతినిధి బదిలీ ఎంపికను దాఖలు చేసి తీరాలి. ఈ చివరి వాక్యం అన్నిటికంటే ముఖ్యం. వాదన తెగనప్పుడు ఏం జరగాలో ముందే తేల్చకపోతే, గడువు దాటిపోయి పన్ను భారం సంస్థ మీదే నిలిచిపోతుంది.

భారం ఎవరిది: సంస్థ కట్టడమా, పాత భాగస్వాములకు పంపడమా

ఈ ఎంపిక ఎందుకు అంత కీలకమో అంకెలతో చూస్తే తెలుస్తుంది. నలుగురికి సమానంగా 25 శాతం చొప్పున వాటాలున్న ఎల్‌ఎల్‌సీ ఒక సంవత్సరంలో చూపిన 3,00,000 డాలర్ల ఖర్చును ఐఆర్‌ఎస్ కొట్టివేసిందనుకుందాం. సంస్థే కట్టేట్టయితే, పరిశీలనలో ఉన్న సంవత్సరపు అత్యధిక రేటుతో లెక్కిస్తారు. ప్రస్తుతం అది వ్యక్తులకు 37 శాతం. మొత్తం 1,11,000 డాలర్లు, ఒక్కొక్కరి వంతుకు 27,750. ఒక భాగస్వామి అసలు 24 శాతం శ్రేణిలోనే ఉండి, ఈ ఆదాయం కలిసినా ఆ శ్రేణి దాటకపోతే, ఆయన వంతు 75,000 మీద సొంతంగా కట్టవలసింది 18,000 డాలర్లే. అంతకంటే బాధాకరమైన సంగతి, ఆ సంవత్సరం తర్వాత ఒక భాగస్వామి తన వాటా అమ్ముకుని వెళ్ళిపోతే, ఆ వాటా కొని కొత్తగా చేరినవాడి జేబులోంచి, తాను లేని కాలపు పన్నులో పావు వంతు పోతుంది.

బదిలీ ఎంపికలో ఆ సంవత్సరంలో ఎవరు భాగస్వాములో వారికే ఫారం 8986 ద్వారా వారి వంతు తెలుపుతారు. సర్దుబాట్లు తుదిరూపు దాల్చిన 60 రోజుల్లో అవి పంపాలి. ఎవరి రేటు ప్రకారం వారు కడతారు. దీనికి మూల్యం వడ్డీలో ఉంటుంది: మామూలు రేటు కంటే 2 శాతం పాయింట్లు ఎక్కువ. పెద్ద రేటులో ఉన్న భాగస్వాములే ఉండి, ఎవరూ మారని సంస్థకు సంస్థే కట్టడం చౌక కావచ్చు. వాటాలు చేతులు మారిన, లేదా రేట్లలో బాగా తేడా ఉన్న సంస్థకు బదిలీయే మేలు.

ఈ రెంటికీ మధ్య మూడో దారి ఉంది, దాని గురించి ఎక్కువమందికి తెలియదు. తుది నోటీసుకు ముందు వచ్చే ప్రతిపాదిత సర్దుబాటు నోటీసు తేదీ నుంచి 270 రోజుల వరకు, లెక్కకట్టిన మొత్తాన్ని తగ్గించమని సంస్థ అడగవచ్చు. పన్ను మినహాయింపు ఉన్న సంస్థ భాగస్వామి అయితే ఆ వంతు తీసేయమని, సీ కార్పొరేషన్ వంతుకు 21 శాతం రేటు వాడమని కోరవచ్చు. భాగస్వాములు తమ పాత రిటర్నులను సవరించి పన్ను కట్టేస్తే ఆ మేరకు సంస్థ భారం తగ్గుతుంది, అందులో అదనపు 2 శాతమూ ఉండదు. అయితే ఇదంతా భాగస్వాములు సహకరిస్తేనే జరుగుతుంది. అందుకే, ప్రతినిధి కోరిన సమాచారాన్ని, పన్ను గుర్తింపు సంఖ్యతో సహా, నిర్ణీత రోజుల్లో ఇవ్వడం ప్రతి భాగస్వామి బాధ్యత అని, అలా ఇవ్వనందువల్ల పెరిగిన పన్ను వారి ఖాతాకే వేస్తారని రాసుకోవాలి. సవరణవల్ల ఒక భాగస్వామి వంతు తగ్గితే ఆ లాభం అతనికే దక్కాలన్నదీ రాయాలి. ఈ వాక్యం లేక, మినహాయింపు ఉన్న భాగస్వామి తెచ్చిన తగ్గింపును అందరూ పంచుకునే పరిస్థితి రాకూడదు.

వెళ్ళిపోయినవారు, మారిన ప్రతినిధులు

ప్రతినిధి నియామకం ఏ సంవత్సరానికి ఆ సంవత్సరమే. 2022 రిటర్నులో ఉన్న మనిషి 2024లో సంస్థ విడిచిపెట్టినా, 2022 ఆడిట్‌కు వస్తే ఐఆర్‌ఎస్ దృష్టిలో ప్రతినిధి ఆయనే. మార్చడానికి ఫారం 8979 ఉంది గాని, దాన్ని ఎప్పుడంటే అప్పుడు దాఖలు చేయలేరు. ఆడిట్‌కు ఎంపికైనట్టో విచారణ మొదలైనట్టో నోటీసు వచ్చాకే తొలగించడమో రాజీనామా చేయడమో కుదురుతుంది; లేదా సంస్థ తనంతట తాను చెల్లుబాటయ్యే సర్దుబాటు అభ్యర్థన (పాత రిటర్నును సరిచేయమనే విన్నపం) దాఖలు చేసేటప్పుడు తొలగించవచ్చు. గొడవపడి విడిపోయిన భాగస్వామి పేరు ఆ నోటీసు వచ్చేదాకా రికార్డులో అలాగే ఉంటుంది. తొలగించేటప్పుడు కొత్తవారి పేరు వెంటనే ఇవ్వాలి. ప్రతినిధి లేడని ఐఆర్‌ఎస్ తెలిపితే, నియమించుకోవడానికి సంస్థకు 30 రోజులుంటాయి. ఆ లోగా చేయకపోతే ఐఆర్‌ఎస్సే ఎంచుకుంటుంది.

దీనికి మందు ఒప్పందంలోనే ఉంది. వాటా పోయినా, హోదా పోయినా ఆడిట్‌కు సంబంధించిన బాధ్యతలు కొనసాగుతాయని, సంస్థ కోరిన 5 రోజుల్లో రాజీనామా పత్రంపై సంతకం చేయడం మాజీ ప్రతినిధి విధి అని, తన పాత సంవత్సరాల పన్ను వంతు చెల్లించడం మాజీ భాగస్వామి విధి అని రాయాలి. వాటా కొనుగోలు ఒప్పందంలో కూడా ఇవే మాటలు మళ్ళీ రాయడం మంచిది; వెళ్ళిపోయేవాడికి డబ్బు చేతికి ఇచ్చాక అడిగితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ప్రతినిధికి ఇచ్చే రక్షణ విషయంలో చేతి పొదుపు పనికిరాదు. జీతం లేకుండా ఇంత బాధ్యత మోసేవారికి లాయరు ఫీజులు, ప్రయాణ ఖర్చులు సంస్థ భరించాలి, సదుద్దేశంతో చేసిన పనికి నష్టపరిహార రక్షణ ఉండాలి. దానికి మామూలుగా రాసే మినహాయింపులు తీవ్ర నిర్లక్ష్యం, ఉద్దేశపూర్వక దుష్ప్రవర్తన. వాటికి ఇంకొకటి చేర్చాలి: సమ్మతి కావలసిన నిర్ణయాన్ని సమ్మతి లేకుండా తీసుకోవడం. ఇది లేకపోతే, పైన కష్టపడి రాసుకున్న సమ్మతి నిబంధనను మీరినవాడి లాయరు ఖర్చు కూడా మీరే కట్టవలసి వస్తుంది.

ఇప్పటికే నడుస్తున్న సంస్థలు మొదట ఇంకా కాలపరిమితి తీరని సంవత్సరాల రిటర్నులు తీసి, ఏ ఏడు ఎవరి పేరు ఉందో ఒక కాగితం మీద రాసుకోవాలి. సాధారణంగా ఆ పరిమితి, రిటర్ను దాఖలు చేసిన తేదీ, గడువు తేదీ, సర్దుబాటు అభ్యర్థన దాఖలు చేసి ఉంటే ఆ తేదీ, వీటిలో ఏది చివరిదైతే దాని నుంచి 3 సంవత్సరాలు. ఆ కాగితంలో ఇప్పుడు సంస్థలో లేని పేరు కనిపిస్తే, ఆయనతో సంబంధాలు బాగున్న ఈ రోజునే సహకార ఒప్పందం మీద సంతకం తీసుకోవాలి. తర్వాత ఒప్పంద సవరణ, ఆపై వచ్చే ఏటి ఫారం 1065.